మునస్వామి జాగ్రత్తలు

కొత్త ఓడ జనం బా ఊరి చెరకు తోట కూలీ లైన్లలో దిగిన రోజున, తోట పని చూసే కులంబర్ దొర అందరికన్నా ముందు పిలిపించేది మా ఆయన్నే. దొర మాట సర్దారుకు తెలుస్తుంది. సర్దారు హిందుస్తానీ మన తెలుగు వాళ్ళకు తెలియదు. మధ్యలో ఒక మనిషి కావాలి. మునస్వామి నీళ్ళ తొట్టి పక్కన కొబ్బరి మొద్దు ఎక్కి నిలబడి, ఈ దేశంలో ఎట్లా బతకాలో వాళ్ళకు చెప్పేవాడు. దొర చెప్పమన్నది నాలుగు ముక్కలే. మా ఆయన చెప్పేది మాత్రం అన్నం ఉడికేదాకా సాగేది.

"అబ్బయ్యల్లారా, అమ్మల్లారా, ఇనుకోండి. ఇక్కడ తెల్లారక ముందే గంట కొడతారు. అది గుడి గంట గాదు, లేచి దణ్ణం పెట్టుకోడానికి. కత్తెత్తుకోని బయటికి రాడానికి. మిల్లుకు దిగువ ఏటి నీళ్ళు తాగబాకండి. బెల్లం వాసనొస్తాయని ఆశపడితే కడుపు పట్టుకోని చేలెంబడి తిరగాల్సిందే. వంతెనకు ఎగువ నీళ్ళు మంచియి. చీటీ లేకుండా గట్టు దాటబాకండి. దాటాలనుంటే సర్దారుకు ముందు రోజే చెప్పుకోండి. అప్పటికప్పుడు అడిగితే ఆయనకు కోపం. ముందే అడిగితే పెద్దరికం."

"చింతపండు యాడ దొరుకుద్ది అన్నా?" అని ఓడలో వాంతులతో పీనుగైన ఒకామె అడిగింది.

"డాకటేరు దొర ఇంటెనక చెట్టుండాది. కాయల్ని ఆయన తినడు, పనోడు కాపలా కాయడు. మిరపకాయలకు దిగులే లేదు, పిట్టలేసిన గింజకే అడివంతా కాస్తా ఉండాయి. అంగడోడి కాడ పప్పు కొనేటప్పుడు మాత్రం ఆ కొలపాత్ర ముందు బోర్లించి చూపించమనండి. అడుగున గుడ్డ కుక్కి పెడతాడు."

"ఈ అడివి మనుషులు మనల్ని తింటారంటగా?"

అది ప్రతి ఓడలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. మా ఆయన వాళ్ళను పైనుంచి కింది దాకా చూసేవాడు. "మిమ్మల్నా? ఓడలో ఎండి వరుగులైనారు, మిమ్మల్ని తిని వాళ్ళేం బాగుపడతారు. వాళ్ళు కాయివీతి వాళ్ళు. ఈ నేల వాళ్ళది. వాళ్ళ ఊళ్ళోకి పోతే తలగుడ్డ తియ్యండి. కూర్చున్నోళ్ళ ముందర నిలబడబాకండి. ఎవరి నెత్తీ ముట్టబాకండి, ముద్దొచ్చే పసిబిడ్డదైనా సరే. ఏది పెట్టినా రెండు చేతుల్తో తీసుకోండి."

నిజానికి అప్పటికి మా ఆయన ఆ ఊళ్ళలో ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టి ఎరగడు. అదంతా బాలయ్య మామ చెప్పిందే. బాలయ్య మామ తెలుగు వాళ్ళ మొదటి ఓడల్లో వచ్చిన మనిషి. గిర్మిట్, అదే అయిదేళ్ళ కూలి ఒప్పందం, తీరిపోయాక కాయివీతి వాళ్ళ ఊరి పక్కనే గుడిసె వేసుకుని, వాళ్ళ భాష మన భాషలాగే మాట్లాడుతూ, వాళ్ళ దుంపలు తింటూ ఉండిపోయాడు. అప్పుడప్పుడూ ఒక పనసకాయో చేపల కుచ్చో పట్టుకుని లైన్లకు వచ్చేవాడు.

ఆ ఏడు చెరకు కొట్టుడు ముగిసి వానలు మొదలయ్యేసరికి మా గిర్మిట్ కూడా చివరికొచ్చింది. నాకు కడుపు కనబడుతోంది. అది రెండోది. మొదటి బిడ్డను చెరకు సాలు చివర గోతం పరిచి పడుకోబెట్టి, నాకిచ్చిన సాళ్ళు కొట్టడానికి వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చి చూసేసరికి వాడు పాలకు లేవలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను. రెండోది మాత్రం లైన్లలో పుట్టకూడదని పట్టుబట్టాను. ఇది తప్ప నాకు ఆ కాలంలో వేరే కోరిక లేదు. మా ఆయనకూ అదే మాట చెప్పాను. వానకారు దాటేలోపల మాకంటూ కాస్త నేల దొరక్కపోతే, మళ్ళీ కంపెనీ పనికే బొటనవేలు వెయ్యాలి, మళ్ళీ అదే గదిలో కాపురం.

బాలయ్య మామే దారి చూపించాడు. ఏటి వంపులో ఎపేలీ అనే పెద్దాయన ఊరు ఉంది. ఆ ఊరికి సాగులో లేని నేల ఉంది. దొరతనం వారి కాగితం తర్వాతి సంగతి, ముందు పెద్దాయన నోటి మాట కావాలి.

"ఆదివారం పోదాం. ఒక యంగోనా వేరు కట్ట తీసుకోని రా. అది ముందర పెట్టకుండా ఆ ఊళ్ళో ఎవురూ నోరు తెరవరు. ఆ వేరే దంచి నీళ్ళల్లో పిండి తాగిస్తారు. తాగి చప్పట్లు కొట్టు. ఇంకేం లేదు," అన్నాడు.

ఇక్కడ మా ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఏ పాత్రకూ పెదవి తాకించేవాడు కాదు. లోటా ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి గొంతులోకి పోసుకునేవాడు. నీళ్ళయినా, గంజయినా, టీ అయినా అంతే. ఓడ ఊగేటప్పుడు కూడా ఒక్క చుక్క గడ్డం మీద పడనిచ్చేవాడు కాదు. మద్రాసు డిపోలో మమ్మల్ని మొగుడూ పెళ్ళాలుగా రాసినప్పుడు, "మీరేమిట్లు?" అని అడిగితే, "ఓడెక్కినాక అందరిదీ ఓడ కులమే," అన్నాడు. నేను రైతుల ఇంటి పిల్లను. ఆయన తాగే తీరు చూసి, ఎవరో మడీ ఆచారమూ ఉన్న పెద్ద ఇంటి మనిషి, చెప్పుకోవడం ఇష్టంలేక దాచుకుంటున్నాడని అనుకున్నాను. ఓడలో అన్నీ కలిసిపోయాయి కదా, ఈ ఒక్కటైనా మిగుల్చుకోనీ అని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆదివారం చీటీలు తీసుకుని ఏరు దాటాం. ఊరు అద్దంలా ఉంది. ఇళ్ళ మధ్య గడ్డి చాప పరిచినట్టుంది. పెద్దాయన ఇంటి గుమ్మం తక్కువ ఎత్తు, వంగితే తప్ప లోపలికి పోలేం. నన్ను గుమ్మం పక్కన ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. ఎపేలీ లావుపాటి మనిషి, నెరిసిన గుబురు జుట్టు, నెమ్మదైన కళ్ళు. బాలయ్య మామ వేరు కట్ట ఆయన ముందు పెట్టి ఏదో పొడుగ్గా చెప్పాడు. ఆయన దాన్ని చేత్తో తాకి, అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టాడు. వేరు దంచారు. పెద్ద కొయ్య తొట్టిలో నీళ్ళు పోసి, గోగునారలాంటి నారలో మూటకట్టి పిండారు. అది బియ్యం కడుగు నీళ్ళ రంగుకు వచ్చింది.

ఒక పడుచువాడు కొబ్బరి చిప్ప ముంచి ముందు ఎపేలీకి ఇచ్చాడు. ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు. "మాదా," అన్నారందరూ, చిప్ప ఖాళీ అయిందని. అదే చిప్ప మళ్ళీ ముంచి మా ఆయన ముందుకు తెచ్చాడు.

మా ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. తర్వాత చిప్పను ఎత్తి, తల వాల్చి, ఎప్పటిలాగే పైనుంచి పోసుకున్నాడు. ధార తెగలేదు, చుక్క చిందలేదు.

చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఎవరూ "మాదా" అనలేదు. చిప్ప తెచ్చినవాడు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కనురెప్ప వాల్చాడు. వాడు మా ఆయన చేతిలోంచి ఆ చిప్పను పాములబుట్ట పట్టుకున్నట్టు పట్టుకుని, తొట్టిలో ముంచకుండా తీసుకెళ్ళి మూల గుంజ మొదట్లో బోర్లించాడు. గోడకున్న ఇంకో చిప్ప తెచ్చాడు. మిగతా వాళ్ళంతా దాంతోనే తాగారు.

తర్వాత మాకు ఉడికించిన చామదుంపలూ చేపలూ పెట్టారు. బాగా మర్యాద చేశారు, ఇంతకు ముందుకన్నా ఎక్కువే చేశారు. ఎపేలీ వానల గురించి మాట్లాడాడు. నేల ఊసే ఎత్తలేదు. బాలయ్య మామ రెండుసార్లు ఎత్తబోతే, ఆయన మాట ఇంకో చేప ముక్క మీదికి మళ్ళించాడు.

ఏటి గట్టున బాలయ్య మామ తల గోక్కున్నాడు. "అన్నీ చెప్పినా గానీ, నువ్వు అట్ట తాగుతావని నేనేం కలగన్నానురా. ఏందో తేడా కొట్టింది. కనుక్కోనొస్తా."

మా ఆయన వెళ్ళి పడవెక్కాడు. లైన్ల దగ్గర కొత్తవాళ్ళు ఇద్దరు ఎదురొచ్చి, "అన్నా, సబ్బు ఏ అంగట్లో నయం?" అని అడిగితే, "నన్నడగబాకండి," అని తలుపు వేసుకున్నాడు. ఆ మాట ఆయన నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు. వాళ్ళు నా ముఖం చూశారు.

కొన్నాళ్ళు అట్లాగే గడిచాయి. వాన పట్టుకుంది. రేకు కప్పు మీద మోత, గోడల వెంట చెమ్మ, గదిలో పచ్చి కట్టెల పొగ. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు: "సర్దారుతో చెప్పినా. ఇంకో గిర్మిట్‌కు వేలేస్తా."

నాకు ఒళ్ళు మండింది. "ఎవురినడిగి చెప్పినావు?"

"అడిగేదేముండాది. వాళ్ళు నేలియ్యరు."

"ఎట్టిస్తారు? వాళ్ళు పెట్టింది వాళ్ళలాగా తాగలేకపోతివి. నీ మడి పుట్టబొయ్యే బిడ్డ కంటే ఎక్కువైందా? ఒక్క గుక్క పెదవికి తాకిస్తే నీదేం అరిగిపొయ్యేది?"

ఆయన నావైపు చూశాడు, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు. "మడా," అన్నాడు. అంతే. తువ్వాలు భుజాన వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే బాలయ్య మామ వచ్చాడు. వాన తెరిపి ఇచ్చింది. మా ఆయన గుమ్మంలో కూర్చుని చెరకు కత్తికి సానబెడుతున్నాడు. నేను లోపల బియ్యం చెరుగుతున్నాను. బాలయ్య మామ గొడుగులా పట్టుకున్న అరటాకు పక్కన పడేసి, మెట్టు మీద కూలబడి, భుజాలు ఊగేట్టు నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏరా మునస్వామీ. నువ్వు మన దేశంలో రాజువంటగా. మాకెవరికీ చెప్పకపోతివే."

"ఎగతాళి చెయ్యబాక మామా."

"నేనెందుకు చేస్తా. ఊరు ఊరంతా అదే మాట. ఇను. వాళ్ళల్లో బాగా పెద్ద తురాంగ అయితే, అంటే ఎపేలీ లాంటి ఊరి పెద్ద గాదు, ఊళ్ళేలే దొర అన్నమాట, ఆయన నోరు తాకిన చిప్ప ఇంకొకరు ముట్టకూడదు. ముట్టినోడికి గొంతు వాస్తాదని నమ్మకం. నువ్వేమో చిప్పకు నోరే తాకించకపోతివి. ఈయన నోరు తాకితే మనకు కీడని, మన మీద దయ తలిచి పైనుంచి పోసుకున్నాడు, ఎంత పెద్దమనిషో అనుకున్నారు. అయినా భయపడి ఆ చిప్పను పక్కన బోర్లించినారు. ఇప్పటిదాకా దాన్నెవరూ ముట్టలా. ఆ మూలకు పిల్లల్ని గూడా పోనియ్యడం లేదు."

"మరి నేల?" అన్నాను లోపలి నుంచి.

"అదేనమ్మీ తిరకాసు. కూలోడికి నేలిస్తే నేల దున్నుకోని బతుకుతాడు, దొరకిస్తే రేపు ఊరే నాదంటాడు, ఇంకో దొరను తెచ్చి నెత్తిన పెట్టుకోలేను అంటాడు ఎపేలీ. ఆయన భయం ఆయనది."

సాన రాయి చప్పుడు ఆగిపోయింది. మా ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కత్తి నేల మీద పెట్టాడు.

"నోరు తాకితే కీడని," అన్నాడు మెల్లగా. "అదే మాట మామా. మా ఊళ్ళో కూడా అదే మాట."

బాలయ్య మామ నవ్వు ఆపాడు.

"మాలపల్లె నుంచి ఊళ్ళో పనికి పొయ్యేవాళ్ళం. దాహమేస్తే దోసిలి పట్టి వంగితే పైనుంచి పోసేవాళ్ళు. చెంబు నోటికి జానెడు ఎడంగా ఉండాల. ఊహ తెలిసినకాడి నుంచి అంతే. ఇప్పుడు చెంబు నా చేతికే వచ్చినా, పెదవి దాకా రాదు. నా చేతులకే అలవాటు లేదు." సాన రాయిని పక్కకు జరిపాడు. "ఆయన పెద్దాయన. ఆయన తాగిన చిప్ప. దానికి నా నోరెట్ట తాకించేది? తాకించకుండా ఉండడమే మర్యాద అనుకున్నా. చిప్ప పక్కన పెట్టినప్పుడు, ఇన్ని నీళ్ళు దాటొచ్చినా నేనెవరో వీళ్ళకూ తెలిసిపొయ్యిందే అనుకున్నా."

నా చేతిలో చేట ఆగింది. మా ఇంటి అరుగు దిగువన మా అమ్మ చెంబు ఎత్తి పోస్తుంటే దోసిలి పట్టి వంగిన వాళ్ళు గుర్తొచ్చారు. కోతల కాలంలో రోజూ వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ గుర్తు రాలేదు. వంగిన వాళ్ళ ముఖాలు అరుగు మీద నుంచి కనబడవు.

మా ఆయన లోపలికి తల తిప్పాడు. "ఇప్పుడు నీకు తెలిసింది," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఇంతకాలమూ దీని కోసమే కాచుకుని, ఇప్పుడు ఏమైతే అది కానీ అనుకున్న మనిషి గొంతు అది. బాలయ్య మామ అరటాకు వంక చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం మళ్ళీ ఏరు దాటాల," అన్నాను. "నీ పంచె ఉతికి పెడతా. మామా, ఇంకో వేరు కట్ట యాడ దొరుకుద్దో చూడు."

అంతే అన్నాను. మళ్ళీ చెరగడం మొదలుపెట్టాను. కాసేపటికి సాన రాయి చప్పుడు కూడా మొదలైంది.

రెండోసారి ఎపేలీ ఇంట్లో జనం ఎక్కువగా ఉన్నారు. రాజు మళ్ళీ వస్తున్నాడని విని వచ్చినట్టున్నారు. మూల గుంజ దగ్గర ఆ చిప్ప అట్లాగే బోర్లించి ఉంది. దాని చుట్టూ మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు.

బాలయ్య మామ మోకాళ్ళ మీద ముందుకు జరిగి మాట్లాడాడు. తర్వాత నాకు చెప్పాడు ఏమన్నదీ. ఈయన దొర కాదు, కూలి మనిషి, మీ చిప్పను గౌరవించి నోరు తాకించలేదు అన్నాడట. మరి దొర కాకపోతే నోరు తాకితే కీడెందుకు అని ఎపేలీ అడిగాడట. మామ మన దేశం సంగతి చెప్పాడట. ఎపేలీ మళ్ళీ అడిగాడు. మామ మళ్ళీ చెప్పాడు. పెద్దాయన పక్కనున్న ముసలివాళ్ళతో మాట్లాడాడు, వాళ్ళూ తలలు అడ్డంగా ఊపారు. ఎంత చెప్పినా వాళ్ళకు అది ఎక్కలేదు. చివరికి ఆయన మాటలు చాలు, తాగి చూపించమన్నట్టు తొట్టి వైపు చెయ్యి చూపించాడు.

ముందు ఆయన తాగాడు. తర్వాత చిప్ప మా ఆయన దగ్గరకు వచ్చింది.

మా ఆయన చేతులు వాటంతట అవే పైకి లేచాయి. గడ్డం దాటాయి, ముక్కు దాటాయి. అక్కడ ఆగిపోయాయి. చిప్పలోది అంచు దాటి వేళ్ళ మీదికి కారుతోంది. నేను నా కడుపు మీద చెయ్యి వేసుకుని ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

చిప్ప మెల్లగా కిందికి దిగింది. పెదవికి ఆనింది.

ఆయనకు అట్లా తాగడం చేతకాలేదు. సగం గడ్డం మీద నుంచి కారి ఉతికిన పంచె తడిసింది. గొంతుకు అడ్డం పడి దగ్గాడు. అయినా వదలకుండా చివరి దాకా తాగాడు.

"మాదా," అన్నారు అందరూ. చప్పట్లు ఇంటి కప్పు దాకా లేచాయి. ఎవరో పిల్లవాడు నవ్వితే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

పడుచువాడు చిప్ప తీసుకున్నాడు. మా ఆయన చూపు దానితోనే వెళ్ళింది. వాడు మూలకు పోలేదు. కడగలేదు, తుడవలేదు. అదే చిప్పను తొట్టిలో ముంచి ఎపేలీ తమ్ముడికిచ్చాడు. ఆయన మా ఆయన పెదవి తాకిన అంచునే నోట పెట్టుకుని, గటగటా తాగి, మీసం తుడుచుకుని తిరిగి ఇచ్చాడు. చిప్ప ఆయన పక్కవాడికి వెళ్ళింది. ఆ పక్కవాడికి వెళ్ళింది. పళ్ళు లేని ఒక తాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని చప్పరిస్తూ తాగాడు. మా ఆయన ఒక్కొక్కరి నోటినీ చూస్తున్నాడు, తల మాత్రం తిప్పుతూ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. గడ్డం తడి తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఎపేలీ ఏదో అన్నాడు.

"ఏరా, పెద్దాయన అడుగుతా ఉండాడు," అన్నాడు బాలయ్య మామ. "ఏటి వంపులో ముందు ఏం వేస్తావని."

మా ఆయన వినలేదు. ఏ ఓడ దిగిన వాళ్ళు ఏమడిగినా, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పే మనిషి.

"మునస్వామీ. ఏం వేస్తావంటే."

ఆ ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నుంచి మాట్లాడకూడదని నాకు తెలుసు. కానీ నేల గురించి అడిగిన మాటకు జవాబు లేకుండా ఎట్లా పోనిస్తాను?

"కందులు," అన్నాను. "ముందు కందులు వేస్తాం. నేల లొంగినాక చెరకు."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. బాలయ్య మామ దాన్ని వాళ్ళ భాషలో చెప్పాడు. ఎపేలీ నా వైపు చూసి, నా కడుపు వైపు చూసి, గుల్ల అరచేతులతో నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య ఒక దుంప ఒలిచి నా చేతిలో పెట్టింది.

మా ఆయన ఇంకా చిప్ప వైపే చూస్తున్నాడు.